గ్రంథాలయంలోకి దయ్యాన్ని రానిద్దామా?

బాణామతి, చేతబడి, పూర్వజన్మలు, కళ్లకు గంతలు కట్టుకుని చదివే పిల్లలు... వీటిపై నమ్మకం పెంచే సభలకు ప్రజల పన్నుతో నడిచే లైబ్రరీ హాలు ఇవ్వొచ్చా? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి చూస్తే ఈ ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదు.

ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం రాయడానికి కూర్చున్న కొమర్రాజు వెంకట లక్ష్మణరావుకు మొదటి అక్షరం దగ్గరే చిక్కొచ్చి పడింది. 'అ'లో అథర్వవేదం ఉంది. మంత్రతంత్రాల వేదమని దానికి పేరు. చదివామని చెప్పుకోవడానికే పండితులు జంకేవాళ్లు. అది తెలిసిన మనిషి కోసం ఆయన చాలా వెతకాల్సి వచ్చిందని చెబుతారు. మొత్తానికి తెలుసుకున్నాడు, వ్యాసం రాశాడు. అందులో మంత్రాలున్నాయని భయపడి వదిలెయ్యలేదు. మంత్రాలున్నాయి కదా అని మొక్కి ఊరుకోనూ లేదు.

ఆ లక్ష్మణరావు మునగాల సంస్థానానికి దివాను. సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే బస్సు ఎక్కితే దారిలో తగిలే మునగాలే అది. చుట్టూ నిజాం రాజ్యం ఉంటే, మధ్యలో ఈ పరగణా మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలో, కృష్ణా జిల్లా కింద ఉండేది. నడిగూడెం కోటలో ఉన్న రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను లక్ష్మణరావు, వారి మిత్రుడు రావిచెట్టు రంగారావు కలిసి 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం తెరిచారు. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టారు. రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, పదార్థ విజ్ఞానం లాంటి విషయాలు తెలుగులో పుస్తకాలై జనం చేతికి వచ్చింది ఆ మండలి వల్లనే. తెలంగాణ గ్రంథాలయోద్యమం చరిత్ర తీస్తే మొదటి పేజీలోనే ఇప్పటి సూర్యాపేట జిల్లా మండలాల పేర్లు రెండు కనిపిస్తాయి. అందుకే ఈ ప్రశ్నను ఈ మూడు ఊళ్ల నుంచి అడగడం న్యాయం.

ప్రశ్న ఇది. దయ్యాలు, ఆత్మలు, అతీంద్రియ శక్తులు ఉన్నాయని నమ్మించే కార్యక్రమాలకు పబ్లిక్ లైబ్రరీ వేదిక కావచ్చా?

దయ్యమే పోషిస్తున్న లైబ్రరీ

ఈ చర్చ గట్టిగా నడిచేది అమెరికాలో. ఇండియానా రాష్ట్రం ఇవాన్స్‌విల్‌లో విలార్డ్ లైబ్రరీ ఉంది. 1885లో తెరిచారు. అందులో బూడిదరంగు దుస్తుల్లో ఒక స్త్రీ తిరుగుతుందని ప్రతీతి. 1937లో రాత్రి కాపలా మనిషికి మొదటిసారి కనిపించిందట. ఆమెకు 'గ్రే లేడీ' అని పేరు పెట్టారు. 1990ల చివర్లో లైబ్రరీ గదుల్లో వెబ్ కెమెరాలు బిగించి, దయ్యం కనిపిస్తే చెప్పండని ప్రపంచానికే పిలుపిచ్చారు. అక్టోబర్ వస్తే దయ్యం యాత్రలు, జనం బారులు. అటు కోల్‌కతాలోని మన జాతీయ గ్రంథాలయం బెల్వెడేర్ భవనం మీదా ఇలాంటి కథలు బోలెడు. 2010లో అక్కడ తలుపులూ కిటికీలూ లేని గది ఒకటి బయటపడినప్పుడు దేశమంతా ఊపిరి బిగబట్టింది. చివరికి అందులో ఉన్నది మట్టి.

అమెరికా లైబ్రరీల సంఘం 1939 నుంచి ఒక హక్కుల పత్రాన్ని పాటిస్తోంది. సభా మందిరాన్ని జనానికి ఇచ్చే లైబ్రరీ, అడిగినవారి నమ్మకం ఏదన్నది చూడకుండా అందరికీ ఒకే నిబంధనలతో ఇవ్వాలని అందులో ఉంది. దయ్యాల వేటగాళ్లకూ దారి దొరికింది అలాగే. 'హాలు ఇచ్చినంత మాత్రాన మేం ఒప్పుకున్నట్టు కాదు' అని లైబ్రరీ చెప్పుకుంటుంది. వినేవాడు ఎదురు ప్రశ్న వేస్తాడనీ, ఇంటికి వెళ్లి ఇంకో పుస్తకం తిరగేస్తాడనీ ఆ నియమం వెనుక ఒక ధీమా ఉంది.

ఆ ధీమాను ఉన్నపళంగా తెచ్చి సూర్యాపేటలో నాటొచ్చా? ఇక్కడ కాసేపు ఆగాలి.

ఇక్కడ దయ్యం వినోదం కాదు

ఇవాన్స్‌విల్‌లో దయ్యాన్ని చూసినవాడు ఫొటో దిగి ఇంటికెళతాడు. మన పల్లెల్లో 'గాలి సోకింది', 'మందు పెట్టిండ్రు', 'చేతబడి చేసిండ్రు' అన్న మాట అక్కడితో ఆగదు. ఎవరు చేశారన్నది తరువాతి ప్రశ్న. దానికి జవాబుగా ఎప్పుడూ ఒక మనిషి దొరుకుతాడు. ఎక్కువసార్లు ఒంటరి ముసలమ్మ, లేదా భూమి తగాదాలో ఉన్న పాలివాడు. బాణామతి భయం ఎక్కువగా ఉన్న మెదక్ ప్రాంతంలో, మంత్రం పలక్కుండా చెయ్యాలని అనుమానితుల పళ్లు ఊడగొట్టిన ఘటనలున్నాయి. 2022 జనవరిలో జగిత్యాలలో కుల సంఘం సమావేశానికి వచ్చిన తండ్రినీ ఇద్దరు కొడుకులనూ మంత్రాల నెపంతో పొడిచి చంపారు. 'మంత్రాల నెపంతో' అన్నది మన జిల్లా ఎడిషన్లలో అరిగిపోయిన హెడ్డింగు.

ఇంకా దగ్గరికి వస్తే మోతె మండలం. 2021 ఏప్రిల్‌లో అక్కడి ఒక తండాలో, తనకు సర్పదోషం ఉందన్న నమ్మకంతో ఒక తల్లి నెలల బిడ్డను బలి ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో సూర్యాపేట జిల్లా కోర్టు ఆమెకు మరణశిక్ష వేసింది. దోష పరిహారాల యూట్యూబ్ వీడియోల ప్రస్తావన కూడా ఆ కేసులో వచ్చింది. ఆ శిక్ష సబబా కాదా అన్నది పై కోర్టులు చూసుకుంటాయి. నాకు పట్టిన ఆలోచన వేరు. ఆ బిడ్డ ఇంటికీ ఆ వీడియోలకూ మధ్య ఎవరూ లేరు. డాక్టరు లేడు, మాస్టారు లేడు, 'ఆగు, ఈ మాట నిజమేనా' అని అడిగే చోటు ఒక్కటీ లేదు.

లైబ్రరీ అలాంటి చోటు కావాలన్నది కొమర్రాజు తరం ఆశ. మరి ఆ లైబ్రరీ పేరే ఫ్లెక్సీ మీద పెట్టుకుని ఎవరో 'దోష నివారణ సదస్సు' జరిపితే? మన ఊళ్లలో అచ్చులో వచ్చిన మాటకు ఇప్పటికీ పరపతి ఉంది. 'పుస్తకంలనే ఉన్నది' అంటే వాదన ముగిసినట్టే. 'లైబ్రరీల మీటింగు పెట్టి చెప్పిండ్రు' అంటే అంతకంటే ఎక్కువ. గేటు దగ్గర 'ఈ అభిప్రాయాలతో సంస్థకు సంబంధం లేదు' అని రాసిపెట్టినా ఆ పరపతి తగ్గదు. బోర్డు చదివేవాళ్లెందరు, ఫ్లెక్సీ ఫొటోను వాట్సాప్‌లో పంపేవాళ్లెందరు?

తులసిదళం ఏ బీరువాలో?

అయితే ఇక్కడే మన హేతువాద మిత్రులు కొందరు తొందరపడతారు. దయ్యాల పుస్తకాలూ తీసెయ్యమంటారు. అది నేను ఒప్పుకోను.

1980ల్లో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు దాన్ని క్షుద్ర సాహిత్యమన్నారు, మూఢనమ్మకాలను పెంచుతోందని తిట్టారు. తిట్టినవాళ్ల వాదనలో పస ఉంది. కానీ ఆ నవల పుణ్యాన లైబ్రరీ మెట్లెక్కిన పిల్లలు ఎందరో ఉన్నారు. కాష్మోరా అనే క్షుద్రశక్తి కథ కోసం వచ్చినవాడు పక్క అరలో కొడవటిగంటినో రావిశాస్త్రినో తగులుకుని అక్కడే ఉండిపోతాడు. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అందాలని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రం చెప్పారు. భయపడాలని సరదా ఉన్న పాఠకుడూ పాఠకుడే.

హ్యారీ హుడినీ సంగతి చూడండి. సంకెళ్లు తెంపుకుని బయటపడే ఇంద్రజాలికుడిగా లోకానికి తెలుసు. ఆత్మలతో మాట్లాడిస్తామనే మీడియంల బండారం బయటపెట్టడం ఆయన రెండో వృత్తి. 1926లో పోయాడు. ఆత్మలు, మాయలు, మంత్రాలపై ఆయన జీవితమంతా పోగేసిన సుమారు 4 వేల పుస్తకాలు మరుసటి ఏడాది అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి. శత్రువు పుస్తకాలను అంత శ్రద్ధగా కొని, దాచి, జాతికి అప్పగించాడు. మోసాన్ని పట్టుకోవాలంటే మోసగాడికంటే ఎక్కువ చదవాలని ఆయనకు తెలుసు.

కాబట్టి అరల మీద అన్నీ ఉండాలి. మంత్రశాస్త్రం, వాస్తు, జాతకం, వాటిని చీల్చి చెండాడిన గోరా, అబ్రహం కోవూర్ రచనలు, అన్నీ. పుస్తకం మూసి ఉంటుంది. తెరిచేదీ పాఠకుడే, నచ్చకపోతే మూసేదీ అతనే. వేదిక సంగతి వేరు. అక్కడ మైకు ఒకరి చేతిలో ఉంటుంది. మిగతావాళ్లు కూర్చుని వింటారు. దాన్ని ఎవరికిచ్చామన్నది సంస్థ చేసిన ఎంపిక.

విశాఖలో లెక్కపెట్టారు

అతీంద్రియ శక్తుల మాట ప్రభుత్వ సంస్థ గడప దాటకూడదని అనేవాళ్లకు మన తెలుగు నేల మీదే ఒక ఎదురు ఉదాహరణ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1967లో పారాసైకాలజీ విభాగం పెట్టింది. కోనేరు రామకృష్ణారావు దానికి మూలపురుషుడు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం దగ్గర జె.బి. రైన్‌తో కలిసి పనిచేసి వచ్చినవాడు. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికే వైస్ చాన్సలర్ అయ్యాడు.

రైన్ పద్ధతి వినడానికి చాలా సాదా. ఐదు గుర్తులున్న 25 కార్డులు. వలయం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం. ఒకరు కార్డు చూస్తారు, కనబడకుండా కూర్చున్న ఇంకొకరు అదేమిటో చెప్పాలి. కళ్లు మూసుకుని చెప్పుకుపోయినా సగటున ఐదు కలుస్తాయి. అంతకంటే ఎక్కువ, మళ్లీ మళ్లీ, ఎవరు పరీక్షించినా కలిస్తేనే శక్తి ఉన్నట్టు. రైన్ కలిశాయన్నాడు. ఇతరులు చేస్తే నిలవలేదు. శాస్త్ర ప్రపంచంలో ఎక్కువమంది ఈ రంగాన్ని నమ్మరు, నేనూ నమ్మను. అయినా ఆ విభాగం చేసిన పనిలో ఒక మర్యాద ఉంది. శక్తి ఉందన్నవాణ్ణి కూర్చోబెట్టి లెక్కపెట్టారు. లెక్కకు లొంగే మాట ఏదైనా గ్రంథాలయంలో మాట్లాడుకోవచ్చు. లెక్కపెడతానంటే లేచి వెళ్లిపోయే మాటతోనే పేచీ.

జ్యోతిషం విషయంలో ఇంకో దారి పట్టాం. 2001లో యూజీసీ విశ్వవిద్యాలయాల్లో జ్యోతిర్విజ్ఞానం కోర్సులు పెడతానంటే, హైదరాబాద్ సీసీఎంబీ వ్యవస్థాపకుడు పుష్ప మిత్ర భార్గవ కోర్టుకెక్కాడు. హైకోర్టు కొట్టేసింది. 2004లో సుప్రీంకోర్టూ కొట్టేసింది. ఏం బోధించాలో తేల్చడం విద్యావేత్తల పని, కోర్టుల పని కాదన్నది సారాంశం. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుడి విధి అని 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో రాసుకున్నాం, 51ఎ(హెచ్)లో. అది విధే కానీ దాన్ని పట్టుకుని ఒక సభను ఆపించడం కష్టం. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో మూఢాచారాల మీద ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. మనకు అదీ లేదు. అంటే చట్టం చూసుకుంటుందని లైబ్రేరియన్ చేతులు దులుపుకోలేడు.

పైగా ఆయనను ఇరుకున పెట్టే ప్రశ్న ఒకటుంది. ఉగాది నాడు ప్రభుత్వమే పంచాంగ శ్రవణం జరిపిస్తుంది. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని మంత్రుల సమక్షంలో చదువుతారు. అది సంస్కృతి అయినప్పుడు మా సభ మాత్రం మూఢనమ్మకమా అని ఎవరైనా అడిగితే లైబ్రేరియన్ ఏం చెప్పాలి? దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో గంపలెత్తుకుని నడిచే భక్తులను, జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కు చెల్లించే హిందువులను, ముస్లింలను ఎవరూ ఆపమనరు. అనకూడదు కూడా. నమ్మకం ఉందా లేదా అన్నది కొలత కాకూడదు. మొక్కుకునేవాడు ఎవరి మీదా నేరం మోపడు, ఎవరికీ వైద్యం మాన్పించడు. నేరం మోపేదీ, వైద్యం మాన్పించేదీ, డబ్బు గుంజేదీ ఏదో అక్కడ గీత గియ్యాలి.

గంతలు కట్టుకున్న పిల్లలు

నిజానికి మన లైబ్రరీల గడప తొక్కేది బాణామతి పేరుతో రాదు. కోటు వేసుకుని, ప్రొజెక్టర్ పట్టుకుని వస్తుంది.

మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అని పదేళ్ల కింద ఊపు మీద సాగిన వ్యాపారం గుర్తుందా? పిల్లల కళ్లకు నల్లగుడ్డ కట్టి, చేతికి పుస్తకం ఇస్తారు. పిల్లవాడు గడగడా చదివేస్తాడు. రంగులు చెబుతాడు. నోట్ల మీద నంబర్లు చదువుతాడు. తల్లిదండ్రుల కళ్లు చెమరుస్తాయి, వేలల్లో ఫీజు కట్టేస్తారు. వేసవి సెలవుల్లో పిల్లల జ్ఞాపకశక్తి శిబిరమంటే ఏ లైబ్రరీ అయినా సంతోషంగా హాలు ఇచ్చేస్తుంది. చదువు పేరుతో వచ్చినదాన్ని అనుమానించేదెవరు?

గుట్టు చాలా చిన్నది. ముక్కుకు రెండు పక్కలా గుడ్డకూ బుగ్గకూ మధ్య సందు ఉంటుంది. పిల్లవాడు తల కాస్త వెనక్కి వాల్చి ఆ సందులోంచి కిందికి చూస్తాడు. పుస్తకాన్ని నుదుటి ఎత్తున పట్టండి, లేదా ఆ సందు మూసెయ్యండి, శక్తి మాయమవుతుంది. మంగళూరుకు చెందిన హేతువాది నరేంద్ర నాయక్ ఊరూరా తిరిగి ఇది చేసి చూపించారు. డబ్బు పోతే పోయింది. పదేళ్ల పిల్లవాడికి పెద్దవాళ్లే కూర్చుని అబద్ధం నేర్పారు, చప్పట్లూ కొట్టారు. నాకు మింగుడు పడనిది అది. వాడికి తెలుసు తాను సందులోంచి చూస్తున్నానని. నాన్న ముఖంలో వెలుగు చూశాక ఇంకేం చెబుతాడు?

ఇక రైస్ పుల్లింగ్. పిడుగు పడిన రాగి చెంబు బియ్యపు గింజలను లాక్కుంటుందని, విదేశాల్లో కోట్లకు కొంటారని చెప్పే మోసం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏళ్లుగా పోలీసులు పట్టుకుంటూనే ఉన్నారు, జనం పడుతూనే ఉన్నారు. బియ్యాన్ని లాగే చెంబే ఉంటే మిర్యాలగూడ మిల్లర్లు ఎప్పుడో కొని కూర్చునేవాళ్లు.

హాలు ఇద్దాం, ప్రశ్నతో సహా

ఇన్ని చెప్పాక నిషేధించమంటాడని మీరు అనుకోవచ్చు. అనను. లైబ్రరీలో దయ్యం కథల సాయంత్రం పెట్టమంటాను. తాతలు, అమ్మమ్మలు వచ్చి కొరివి దయ్యాల కథలు చెప్పాలి, పిల్లలు దుప్పట్లు కప్పుకుని వినాలి. కథను కథగా చెప్పేచోట ఎవరికీ అన్యాయం జరగదు. బాణామతి మీద సదస్సూ పెట్టమంటాను. ఇళ్ల మీద రాళ్లు పడటం, బట్టలు అంటుకోవడం, ఆడవాళ్లు మూకుమ్మడిగా పూనకాలతో ఊగిపోవడం వెనుక ఏముంటుందో మానసిక వైద్యుడు చెప్పాలి. పట్టించుకునేవాడు లేని కోడలి బాధ ఎన్ని రూపాలు తొడుక్కుంటుందో తెలిసిన ఆశా వర్కర్ కూడా మాట్లాడాలి. భూతవైద్యుణ్ణీ పిలవండి. ఆయన వస్తే మంచిదే. జనం అడిగినదానికి జవాబు చెప్పాలన్నది ఒక్కటే షరతు.

ఆ షరతు ఒప్పుకోనివాడికి, సభ చివర తాయెత్తో యంత్రమో కోర్సో అమ్మేవాడికి, రోగం నయం చేస్తానని పేర్లు రాసుకునేవాడికి, పిల్లల మీద 'శక్తి' పరీక్షలు చేసేవాడికి, ఫలానా మనిషే చేశాడని వేలెత్తి చూపేవాడికి హాలు లేదనాలి. మాయమంత్రాలతో జబ్బులు తగ్గుతాయని ప్రచారం చేసేవాళ్ల మీద 1954 నాటి చట్టమే ఒకటుంది. దేవుణ్ణి నమ్ముతాడా, జాతకం చూపించుకుంటాడా అని అడగనక్కర్లేదు. నాస్తికుడైనా ప్రశ్న తీసుకోనంటే అతనికీ ఇదే నియమం.

ఈ నియమాన్ని ఎవరు రాయాలి? 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద నడిచే జిల్లా గ్రంథాలయ సంస్థలు. సూర్యాపేట, కోదాడలు సూర్యాపేట జిల్లా సంస్థ కిందికి వస్తాయి, మిర్యాలగూడ నల్లగొండ కిందికి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. మున్సిపాలిటీలు వసూలు చేస్తాయి, సంస్థకు జమ చెయ్యడంలో మాత్రం బద్ధకిస్తాయి. చైర్మన్ ప్రభుత్వం నియమించే మనిషి. హాలు ఎవరికివ్వాలన్న నిర్ణయం తరచూ ఒక ఫోన్ కాల్‌తో అయిపోతుంది. ఫోన్ చేసింది ఏ నాయకుడి అనుచరుడో అయితే లైబ్రేరియన్ ఏం చేస్తాడు? చేతిలో రాసిపెట్టిన నియమం ఉంటే చూపించగలడు. లేకపోతే తాళం ఇస్తాడు.

మన లైబ్రరీల వాస్తవం కూడా ఒప్పుకోవాలి. పొద్దున పేపర్లు చదివే పెద్దమనుషులు, పగలంతా గ్రూప్స్‌కూ డీఎస్సీకీ తయారయ్యే పిల్లలు. ఉద్యోగం రాకపోతే ఇంటికి వెళ్లలేని ఆ పిల్లలకు ఫ్యానూ కుర్చీ దొరకడమే గొప్ప. సభలు ఏడాదికి ఒక్కసారి, నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో. వ్యాసరచన, ముగ్గులు, క్విజ్, బహుమతులు, ఫొటో. మిగతా ఏడాదంతా వేదిక ఖాళీ. ఆ ఖాళీలోకే యూట్యూబ్ వచ్చి కూర్చుంది.

వచ్చే వారోత్సవాల్లో ఒక సాయంత్రం దీనికే ఇవ్వమని మూడు ఊళ్ల శాఖలనూ అడుగుతున్నాను. 1988 నుంచి జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊళ్లలో చేసి చూపిస్తున్నవే చాలు. పసుపునీళ్లలో సున్నం కలిపితే నెత్తురు రంగు, పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ చుక్కలు వేస్తే నిప్పు. తరువాత రైన్ కార్డులు 25 అట్టముక్కల మీద గీసి, శక్తి ఉందన్నవాళ్లను వచ్చి చెప్పమనాలి. ఎన్ని కలిశాయో బోర్డు మీద రాయాలి. ఐదు కలిసినా రాయాలి, పదిహేను కలిసినా రాయాలి. పక్కనే బల్ల మీద అథర్వవేదం, తులసిదళం, కోవూర్ పుస్తకం మూడూ ఉంచి, కావాలన్నవాళ్లకు అక్కడికక్కడే సభ్యత్వ కార్డు రాసిచ్చి, పుస్తకం ఇంటికి పంపాలి.